చుట్టల వామన్‌రావు మామ

మా వామన్‌రావు మామకు ఈ లోకంలో శత్రువులు లేరు, ఒక్క మడత తప్ప.

చొక్కా గానీ ధోతి గానీ దుప్పటి గానీ, మడత పెట్టి కనిపిస్తే ఆయన ప్రాణం ఊరుకునేది కాదు. వెంటనే చాప పరిచి, దాన్ని విప్పి, చుట్టేవాడు. అత్త కంచంలో చపాతీని మడిచి వేస్తే దాన్ని కూడా విప్పి చుట్టుకునే తినేవాడు. బట్టల్ని మడిస్తే మడతకూ మడతకూ మధ్య గాలి చేరుతుందనీ, ఊరికి పోయేవాళ్లు తెలియక ఆ గాలిని కూడా పెట్టెలో మోసుకుపోతున్నారనీ ఆయన వాదన. చుడితే గాలి పోతుంది, చోటు మిగులుతుంది.

"గాలి వరంగల్‌ల కూడ ఉంటది. గీడికెళ్లి మోసుకపోవుడు ఎందుకు?" అనేవాడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన మనిషిని నేను చూడలేదు.

మేం ఉండేది నాంపల్లి స్టేషనుకు దగ్గరి సందులో. మా ఇంట్లో అందరికంటే ముందు రైలు కూత లేచేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోతే అమ్మ నన్ను తీసుకొని అన్న ఇంటికి వచ్చింది. నా చదువు అక్కడితో ఆగింది. బడికి పోని పిల్లకు చూడటానికి చాలా తీరిక ఉంటుంది. ఆ తీరికలో సగం మామను చూడటానికే సరిపోయింది.

చుట్టడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. చొక్కాను చాప మీద బోర్లా పడుకోబెట్టాలి. చంటిపిల్ల వీపు నిమిరినట్టు అరచేత్తో నిమరాలి. చేతులు రెండూ వెనక్కి మడవాలి. అది కూడా మడతే కదా అని ఎవరైనా ఎత్తిపొడిస్తే, "అది మడత కాదు, తోవ చూపించుడు" అనేవాడు. కింది అంచును కొంచెం బయటికి తిప్పి ఉంచి, మెడ వైపు నుంచి బిగించుకుంటూ వచ్చి, చివరికి ఆ తిప్పిన అంచును చుట్ట మీదికి తొడగాలి. దీన్ని నోరు మూయడం అంటాడు. నోరు మూసిన చుట్టను గోడకేసి కొట్టినా విడిపోదు. కొట్టి చూపించేవాడు కూడా.

"నోరు మూసుకుంటే చుట్టయినా మనిషైనా ఎంత దూరమైనా పోతరు" అని నా వైపు చూసి నవ్వేవాడు. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాను.

"ఆ ముచ్చటేదో ముందు మీరు నేర్చుకోండ్రి" అని వంటింట్లోంచి విద్యావతి అత్త అనేది.

మామ చుట్టలంటే అందరికంటే ఎక్కువ మండేది బట్టలుతికే యాదవ్వకు.

"బొగ్గులు రాజేసి, రెక్కలు పోయేటట్టు ఇస్త్రీ చేసి, కాయితం లెక్క మడత పెట్టి తెస్త. ఈయనేమో గుంజి గుంజి సుడ్తడు. గీ సుట్టుడు కాడికి ఇస్త్రీ ఎందుకమ్మా?" అని అత్త దగ్గర మొరపెట్టుకునేది.

"ఇస్త్రీ లేకపోతే చుట్ట నున్నగ రాదు యాదవ్వా" అనేవాడు మామ.

"ఇప్పినంక ముడతలు పడయా?"

"పడవు. మడతకే గీత పడ్తది. నువ్వు తెచ్చిన అంగి చూడు, నుదుటి మీద ముసలోనికి పడ్డట్టు ఎన్ని గీతలున్నయో."

"గీత లేకపోతే ఇస్త్రీ చేసిన అంగి అని ఎవడు నమ్ముతడయ్యా?"

యాదవ్వ పగ తీర్చుకోవడం గుర్తు పెట్టడంలో కనిపించేది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఆమె జీడిరసంతో మూల మీద ఒక నల్ల గుర్తు పెట్టేది. ఒక ఇంటికి చుక్క, ఒక ఇంటికి గీత. మామ బట్టల మీద మాత్రం నత్త లాగా గుండ్రంగా సుడి తిరిగిన గుర్తు పెట్టింది. ఆయనకు కోపం వస్తుందని ఎదురుచూసింది కూడా. మామ ఆ గుర్తును దీపం దగ్గర పెట్టుకొని చూసి, "యాదవ్వకు ఇన్నొద్దులకు చుట్టుడు అర్థమైంది" అని మురిసిపోయాడు.

ఇక ఆయనకు చుట్టల వామన్‌రావు అనే పేరు గన్‌ఫౌండ్రీలో, ఆయన గుమస్తాగా పనిచేసే సర్కారీ ఆఫీసులో పడింది. ఆ పేరు తెచ్చిన తంటాలకు లెక్క లేదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్తలో ఆ ఆఫీసుకు రాజమండ్రి వైపు నుంచి అమరేశ్వరరావు గారనే ఆఫీసరు బదిలీ మీద వచ్చారు. ఆయన అన్నం లేకపోయినా ఉంటారు గానీ పొగచుట్ట లేకుండా ఉండలేరు. వస్తూ తెచ్చుకున్న కట్ట అయిపోయింది. అబిడ్స్ అంతా తిరిగితే రంగురంగుల సిగరెట్ డబ్బాలు దొరికాయి గానీ ఆయన మనసుకు పట్టిన చుట్ట దొరకలేదు. ఈ ఆఫీసులో చుట్టల సంగతి ఎవరికి తెలుసు అని జవానును అడిగారు. జవాను ఆలోచించే పని లేకుండా చుట్టల వామన్‌రావు పేరు చెప్పాడు. ఆ తరువాత జరిగిన మాటలు మామే ఇంటికి వచ్చి వరస తప్పకుండా చెప్పాడు.

"మీకు చుట్టలు అలవాటటగా?" అన్నారట ఆఫీసరు గారు, కుర్చీ చూపించి.

"చిన్నప్పటి సంది సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎక్కడ కొంటుంటారు?"

"కొనుడేంది సార్, నేనే చుడత."

"స్వయంగానే? మంచిది, మంచిది. మీ మటుకేనా?"

"ఇంట్ల అందరివి నేనే చుడత సార్. మా ఆడమనిషివి, మా చెల్లెవి, మేనకోడలివి."

ఈ ప్రాంతంలో ఆడా మగా చిన్నా పెద్దా అందరూ చుట్టలు కాలుస్తారని బదిలీ చేసినవాళ్లు ఆయనకు చెప్పలేదు.

"ఘాటుగా ఉంటాయా?"

"ఘాటేం ఉండదు సార్. కలరా ఉండలు వేస్త కద, జర వాసనొస్తది."

"కలరా ఉండలా?"

"పురుగు పట్టకుంట."

అయినా పొగ లేక ఎన్నాళ్లయిందో, "సరే, రేపు నాకొకటి తెచ్చిపెట్టండి" అన్నారు.

"తప్పకుండ సార్. ధోతిది తెమ్మంటరా, అంగిదా?"

అవేవో పొగాకు రకాలనుకొని ఆఫీసరు గారు, "ఏది గట్టిగా ఉంటే అది" అన్నారు.

మరునాడు మామ తన పెళ్లినాటి ధోతిని, ఎప్పుడూ చుట్టనంత గట్టిగా చుట్టి, కాగితంలో పెట్టి తీసుకుపోయి బల్ల మీద ఉంచాడు. అమరేశ్వరరావు గారు అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని ఆ మూట విప్పారట. కాసేపు ధోతి వంకా, కాసేపు మామ వంకా చూసి, అగ్గిపెట్టె సొరుగులో పెట్టేసి, తలుపు వేసుకుని నవ్వారట. ఆ రోజు నుంచి ఆయన రాజమండ్రి పోయే ప్రతిసారీ సాయంత్రం మా సందులోకి రిక్షా వచ్చేది, అందులోంచి ఆయన పెట్టె దిగేది. మామ చుట్టి పంపేవాడు.

ఆఫీసరు గారికి తెలిసింది గానీ లోకానికి తెలియలేదు. మామ జన్మలో పొగ తాగలేదు. అయినా చుట్టాల ఇంటికి పోతే ఎవరో ఒకరు గొప్ప ఉపకారం చేస్తున్నట్టు ఆయన్ను చాటుకు పిలిచి, జేబులో ఒక చుట్ట పెట్టేవారు. వాళ్ల మనసు నొప్పించలేక ఆయన తెచ్చేవాడు. పారేయడం ఎందుకని అత్త వాటిని బట్టల సందుల్లో పెట్టేది. పొగాకు ఉంటే పురుగు దగ్గరికి రాదని ఆమె నమ్మకం. అందుకే మా ఇంట్లో పెళ్లి చీరలన్నీ రచ్చకట్ట మీది ముసలాయన లాగా వాసన వేసేవి.

ఒకసారి వరంగల్‌లో పెళ్లికి పోవడానికి కొత్త సూట్‌కేసు కొందామని మామ అబిడ్స్‌లో ఒక దుకాణానికి పోతూ నన్నూ అత్తనూ తీసుకుపోయాడు. ఉన్నవాటిలో చిన్నది చూపించమన్నాడు.

"ఎంతమందికి సార్?" అన్నాడు దుకాణంలో ఉన్నతను.

"నలుగురం."

"నలుగురికి గిది చాలదు. గీ పెద్దది తీస్కోండ్రి. గట్టిగుంటది. మీద ఇద్దరు కూసున్నా ఏం గాదు." చెప్పడమే కాకుండా ఎక్కి కూచుని చూపించాడు.

మామ ముఖం మారిపోయింది. "పెట్టె మీద ఎందుకు కూసుంటరయ్యా?"

"మూత పడకపోతే కూసోవాలె కద సార్."

"మూత మీద కూసునేటోనికి పెట్టె సదురుడు రానట్టు లెక్క. మా ఇంట్ల ఎవ్వలు కూసోలె. కూసోరు కూడ."

అంత అవమానం జరిగిన దుకాణంలో మామ కొనలేదు. ఇంట్లో ఉన్న పాత పెట్టెలోనే నలుగురి బట్టలూ పట్టించాడు. పట్టించడం వరకూ బాగానే ఉంది. పెళ్లివారింట్లో మూత తెరిచాక తెలిసింది, చుట్టలన్నీ ఒక్క తీరుగా ఉన్నాయని. ఏది ఎవరిదో విప్పితే గానీ తెలియదు. మగపెళ్లివారి పెద్దాయన ఒకరు స్నానం చేసి తడి ఒంటితో నిలబడి తుండు అడిగితే, మామ ఎంతో గౌరవంగా రెండు చేతులతో ఒక చుట్ట అందించాడు. అది అత్త లోపలి లంగా. ఆ తరువాత పెళ్లిలో అత్త ఆ పెద్దాయన ఎదురుగా భోజనానికి కూచోలేదు.

ఇట్లాంటి మనిషితో ఉంటున్నా ఆ ఒక్క పెళ్లి తప్ప నాకు ఊళ్లు తిరిగే యోగం పట్టలేదు. నాకు కావాలనిపించింది ఒక్కటే ఊరు, వికారాబాద్. అక్కడ ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి, పాసైతే టీచరు పని ఇప్పించే ట్రైనింగు స్కూలు ఒకటి ఉందని విన్నాను. ఏడో తరగతి పాసైతే చాలు. బడి మానేశాక నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మామ దరఖాస్తు పెట్టించాడు. సీటు వచ్చింది. ఇంక ప్రయాణమే అనుకుంటుండగా, అమ్మ నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ విన్న ఒక వార్త మోసుకొచ్చింది.

"ఆ హాస్టల్ల మొదటి దినం అందరి ముందర ట్రంకులు తెరిపిస్తరంట. పోయిన సాలు ఎవల్దో పెట్టెలకెల్లి నల్లులొచ్చినయంట. వార్డెనమ్మ ఒక్కొక్క బట్ట తీసి చూస్తదంట. ఆర్నెల్లకు సరిపోను బట్టలు లేకపోతే మల్ల ఇంటికి తోలుతదంట."

నా బట్టలు ఎన్ని ఉన్నాయో, ఎట్లా ఉన్నాయో ఇంట్లో అందరికీ తెలుసు. రెండు లంగాలు, అమ్మ పాత చీరలు చింపి చేసిన ఓణీలు, అత్త దసరాకు ఇచ్చిన ఆకుపచ్చ ఓణీ. ఆ ఆకుపచ్చది కూడా మేకు పట్టుకొని చిరిగితే అతుకు వేసుకున్నాను. ఇవి ట్రంకులో పెడితే ఒక మూలకు వస్తాయి. నా ఈడు పిల్లలంతా చుట్టూ నిలబడి చూస్తుండగా వార్డెన్ ఆ అతుకు పైకెత్తి చూడటం నాకు అప్పుడే కళ్లకు కట్టింది.

"నేను పోను" అన్నాను.

"నవ్వులపాలు అయ్యేకంటె ఇంట్ల ఉండుడే నయం" అంది అమ్మ, నా వైపు చూడకుండా.

మామ దిండు గలీబు చుడుతున్నాడు. తల ఎత్తకుండానే, "ట్రంకు సంగతి నాకిడువుండ్రి. ఎవ్వలు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

"నువ్వు చుడితే ఉన్నయి కూడ కండ్లకు కనబడయన్నా" అంది అమ్మ. "కొన్ని బట్టలున్నోల్లకు మడత పెడితేనే జర ఎత్తు కనబడ్తది."

"చుట్టుడు గురించి నువ్వు నాకు చెప్పకు అనసూయా."

అమ్మ మాటే నిజమని నాకు అనిపించింది. జన్మంతా ఉన్న బట్టల్ని తక్కువ చేసి చూపించిన మనిషి, లేని బట్టల్ని ఎక్కడినుంచి తెస్తాడు?

ప్రయాణం ముందు రోజు ఆదివారం. మామ నా బట్టలన్నీ లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకున్నాడు. ఎన్నడూ వేయలేదు ఆ తలుపు. ఆయన చుట్టేటప్పుడు నలుగురూ చూడాలి, మెచ్చుకోవాలి. పొద్దున వేసిన తలుపు భోజనాల వేళ దాకా తెరుచుకోలేదు. చివరికి లోపలి నుంచి ఒక కేక వినిపించింది.

"విద్యావతీ, ఒకసారి గిట్ల రా. మూత మీద కూసో."

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏమన్నరు?"

"కూసో అన్న."

"మూత మీద కూసునేటోనికి సదురుడు రాదంటిరి?"

"కూసోమంటే కూసోరాదు జర?"

అత్త వెళ్లి కూచుంది. చాలలేదు. అమ్మను కూడా పిలిచి కూచోబెట్టాడు. వాళ్లిద్దరి కింద ట్రంకు మూలుగుతూ మూతపడింది. మామ గొళ్లెం పెట్టి, నుదుటి చెమట తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడ్డాడు.

"మామా, నావి గన్ని బట్టలు లేవు కద. మూత ఎందుకు పడ్తలేదు?" అని అడిగాను.

"ట్రంకు చిన్నగైంది బిడ్డా. వానకు ఇనుము కుంచుకపోతది."

అది ఎండాకాలం.

"గాడికి పోయినంక వార్డెనమ్మ తెరువుమన్నప్పుడే తెరువు. ముందుగాల తెరిస్తే మూత మల్ల పడది" అన్నాడు.

మరునాడు స్టేషనులో రైలు పెట్టెలోకి ట్రంకు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. ఆదివారం తొడుక్కున్న అంగీయే సోమవారం కూడా ఆయన ఒంటి మీద ఉంది. నేను చూశాను. కానీ రైలు కదిలే గాభరాలో అదేమిటని అనుకోలేదు.

హాస్టలు వార్డెన్ పేరు విక్టోరియా గారు. మెదక్ వైపు ఆమె. పొడుగాటి మనిషి, కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకునేది. ఆ సాయంత్రం వరండాలో ట్రంకులన్నీ వరసగా పెట్టించి, ఒక్కొక్కటే తెరిపిస్తూ వచ్చింది. పట్టులంగాలు వచ్చాయి, పూల చీరలు వచ్చాయి, ఒక పిల్ల ట్రంకులోంచి మామిడికాయ పచ్చడి జాడీ వచ్చి వంటింటికి పోయింది. చూస్తున్నవాళ్లు ప్రతి బట్టకూ ఏదో ఒకటి అంటున్నారు. నా వంతు వచ్చేసరికి నేను గొళ్లెం తీయకుండా నిలబడ్డాను. ఆమే తీసింది.

మూత ఎగిరిపడింది. ట్రంకు నిండా, అంచుల దాకా, లావు లావు చుట్టలు. పైవరసలో నా ఆకుపచ్చ ఓణీ, దాని పక్కన లంగాలు, అన్నింటికీ బాగున్న అంచే పైకి కనిపిస్తోంది. అతుకు ఎక్కడ ఉందో నాకే కనిపించలేదు. పక్కనున్న పిల్లలు, "అబ్బా, ఎన్ని బట్టలో" అనుకున్నారు.

విక్టోరియా గారు కళ్లద్దాలు పెట్టుకుంది. "ఇవేంది?"

ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు, అంతమంది ముందు నా నోట్లోంచి మొదటిసారిగా వచ్చిన మాట ఇది:

"మా మామ చుట్టలమ్మా."

విక్టోరియా గారు నన్ను తలనుంచి కాళ్ల దాకా చూసింది.

"చుట్టలా? మీ మామవి? ట్రంకు నిండనా?"

"ఔనమ్మా. నేను తెరిస్తే మూత మల్ల పడదన్నడు."

ఆమె వంగి వాసన చూసింది. అత్త దగ్గర ఉండే బట్టలకు ఏ వాసన ఉంటుందో చెప్పాను కదా. ఆమె ముఖం గట్టిపడింది. పైనున్న ఆకుపచ్చ చుట్టను తీసి, నోరు తెరిచి, విప్పింది. ఓణీ నేల మీదికి జారింది. దాని కడుపులోంచి తెల్లటి ధోతి ఒకటి వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, వరండా మెట్ల దాకా పోయింది. ధోతి చివరినుంచి ఒక నిజమైన పొగచుట్ట టప్పున పడి, దొర్లుకుంటూ పోయి ఆమె చెప్పు దగ్గర ఆగింది.

పిల్లలు నవ్వారు. ఎంత నవ్వారంటే వంటింట్లోంచి వంటామె కూడా వచ్చి నిలబడింది. నేను మాత్రం ధోతి మూలను చూస్తున్నాను. అక్కడ జీడిరసంతో పెట్టిన నత్త ఉంది.

ఆ నత్తను చూడగానే నాకు నిన్నటి తలుపు, ఇవాళ్టి అంగీ, అత్త కింద మూలిగిన మూత, అన్నీ అర్థమయ్యాయి. నాకు ఎక్కడ లేని మాటలు వచ్చాయి. పొగచుట్ట పురుగు పట్టకుండా అత్త పెట్టిందనీ, మామ పొగ తాగడనీ, ఆయన చుట్టేది బట్టలనీ, ఆఫీసరు గారు అగ్గిపెట్టె పట్టుకున్న సంగతీ, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. నవ్వుతున్న పిల్లలు ఇప్పుడు నేను చెప్పేదానికి నవ్వుతున్నారు. అది వేరే నవ్వు.

విక్టోరియా గారు నవ్వలేదు. ఓణీ ఎత్తి అతుకు చూసింది. ధోతి మూల చూసింది. ట్రంకులో మిగిలిన లావు చుట్టల మీద వేలితో ఒకసారి నొక్కి చూసింది. ఆ వేలు మెత్తగా లోపలికి దిగింది. నా వైపు చూసింది. తరువాత అందరి వైపూ తిరిగింది.

"కుట్టు నేర్చుకునుటానికి వచ్చేటోల్లు కత్తిరించుటానికి పాత బట్ట తెచ్చుకోవాలె. ఈ పిల్ల ఒక్కతె తెలివిగ తెచ్చుకున్నది. మీయి ఏవి?"

నవ్వు ఆగిపోయింది. అట్లా తెచ్చుకోవాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. విక్టోరియా గారు ఓణీని తన చేతులతోనే, అతుకు లోపలికి వచ్చేట్టు చుట్టి ట్రంకులో పెట్టింది. చుట్టడం ఆమెకు చేతకాలేదు, నోరు మూయడం మరీ రాలేదు. పొగచుట్టను మాత్రం కాగితంలో పెట్టి తన గదికి తీసుకుపోయింది. ఆమె బట్టల్లో కూడా పురుగులు ఉండి ఉండాలి.

తరువాత ఒక్కదాన్నే కూచుని మిగిలిన చుట్టలు విప్పాను. నా ప్రతి బట్ట కడుపులోనూ మామ బట్ట ఒకటి. ధోతులు, అంగీలు, తుండ్లు, చలికాలం ఆఫీసుకు వేసుకునే కోటు కూడా. ఆ కోటు నా లంగాలో దాక్కుంది. అంతకంటే విచిత్రం, ఒక్క చుట్ట కూడా బిగువుగా లేదు. జన్మంతా గాలితో కొట్లాడిన మనిషి నా ట్రంకులో చేతులారా గాలి నింపి పెట్టాడు.

వార్డెన్ అందరి ముందు అన్న మాటకు నిలబడాలి కాబట్టి మరునాడు మొదటి పాఠంలో ఆ ధోతిని కత్తిరించక తప్పలేదు. కత్తెర పట్టుకొని నేను చాలాసేపు ఊరికే నిలబడ్డాను. విక్టోరియా గారు వెనకనుంచి వచ్చి, "ఏం కుడ్తవు?" అంది.

"మా మామకు అంగీ" అన్నాను.

దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి సందు మొదట్లోనే యాదవ్వ ఎదురైంది.

"మీ మామకు ఏమైందమ్మా? నువ్వు పోయినసంది ఒక్క అంగి, ఒక్క ధోతి. పొద్దుమీకి ఉతుకుడు, తెల్లారి తొడుగుడు. నేను ఏం పని చెయ్యాలె? మిగిలినయి ఏమైనయంటే, పెట్టెల సదిరిన, చోటు మిగిలిందంటడు."

ఆఫీసులో అమరేశ్వరరావు గారు కూడా అడిగారట, రోజూ అదే చొక్కా ఏమిటని. "ఒక్క తానులనే అన్ని కుట్టించిన సార్, మిగులుతదని" అన్నాడట మామ.

మామ వాకిట్లోనే ఎదురొచ్చి నా చేతిలో ట్రంకు అందుకున్నాడు. నా ముఖం చూడకముందే మూత తెరిచి చూశాడు.

"మడత పెట్టలె కద?"

"లేదు మామా. చుట్టే తెచ్చిన."

తన బట్టలు తనకు తిరిగి వచ్చినట్టు ఆయన గమనించలేదు, లేదా గమనించనట్టు ఉన్నాడు. నేను కుట్టిన అంగీ తీసి చేతిలో పెట్టాను. మెడ కొంచెం వంకర, ఒక చేయి కొంచెం పొడుగు. ఏ బట్టతో కుట్టానో నేను చెప్పలేదు. ఆయన తిప్పి చూస్తూ చూస్తూ కింది అంచు దగ్గర ఆగాడు. నత్త అక్కడే ఉంది. దాన్ని కత్తిరించడానికి నాకు చేతులు రాలేదు.

మామ దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్దాడు. అమ్మ, అత్త గడపలో నిలబడి చూస్తున్నారు. ఆయన లోపలికి పోయి, చాప తెచ్చి పరిచి, అంగీని బోర్లా పడుకోబెట్టి, వీపు నిమిరి, చేతులకు తోవ చూపించి, బిగించి చుట్టి, నోరు మూసి, గుప్పిట్లో పట్టుకొని పైకెత్తి చూపించాడు.

"చూడుండ్రి. ధోతిగ ఉన్నప్పుడు ఎంత లావుండె. ఇప్పుడు ఎంత సన్నగైందో. ఇన్నొద్దులు దండుగకు మోసిన."

"పిల్ల కుట్టి తెచ్చె. ఒక్కసారి తొడుక్కొని చూపియ్యుండ్రి జర" అంది అత్త.

మామ అత్త వైపు జాలిగా చూశాడు.

"తొడుక్కుంటే చుట్టేదెట్ల?"